రెక్క మీద ఊలు దారాలు

నాకు కోపం ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకూ సుఖం, చదివేవాళ్లకూ సుఖం. టీ చల్లారిపోయిందని ఆత్మకూరు బస్టాండులో గ్లాసు బల్లకేసి కొట్టి పగలగొట్టిన మనిషిని నేను. ఉదయగిరి కొండల మీద గాలిమరలకు సైటు ఇన్‌ఛార్జిగా ఉన్నన్నాళ్లూ నా కింద పనిచేసినవాళ్లు నా అరుపులకు అలవాటు పడిపోయారు. "అన్న అరిస్తే గాలి గూడా పడిపోద్ది" అని నా వెనకాల నవ్వుకునేవాళ్లట. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ అరిచేవాణ్ణి.

ఆ కార్తీకంలో మాత్రం అరవడానికి నోరు రాలేదు. నా కింద పనిచేసే టెక్నీషియన్ ఒకతని ఉద్యోగం ఊడేటట్టుంది. ఊడగొట్టే రిపోర్టు మీద సంతకం పెట్టాల్సింది నేను.

అతనిది ఉదయగిరే. ముప్ఫై అయిదేళ్లుంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. వాళ్లమ్మ కొండ కర్రతో గరిటెలూ చెంచాలూ చెక్కుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బయట మాకంటే చక్కటి తెలుగు మాట్లాడతారు. నా మోకాళ్లు మొరాయించడం మొదలెట్టాక మర ఎక్కే పనంతా అతని మీదే పడింది. నిచ్చెన దగ్గర నిలబడి నేను కింద నుంచి కేకలేస్తుంటే అతను పైనుంచి "సరేన్నా" అనేవాడు. ఎనిమిదేళ్లలో ఆ మాట తప్ప ఎదురు మాట అతని దగ్గర విన్నది చాలా తక్కువ.

గొడవంతా చివరి మరతో వచ్చింది. వరికుంటపాడు వైపు కొండ సందు మొగదల ఒంటరిగా ఉంటుందది. దసరాకు ముందు దాన్ని వారం రోజులు ఆపి సర్వీసు చేశాం. ఆయుధపూజ నాడు పూజ చేసి మళ్లీ తిప్పాం. ఆ రోజు నుంచీ దాని కరెంటు పక్క మరలకంటే తక్కువే. పైగా చప్పుడొకటి. ఒక్కో రెక్క శిఖరానికి చేరినప్పుడల్లా దబ్బుమని వినిపించేది. కింద పొలాల్లోని రైతులు నన్ను దారిలో ఆపి "ఏందయ్యా, పొద్దస్తమానం మా నెత్తిన వడ్లు దంచతా ఉండాది మీ మర" అని తిట్టిపోసేవాళ్లు.

గాలిమర మొహం ఎప్పుడూ గాలికి ఎదురుగా ఉండాలి. స్తంభం మీద బస్సంత పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని నాసెల్ అంటాం. దాని నెత్తిన, వెనక భాగంలో, గాలి ఎటు వీస్తే అటు తిరిగే చిన్న తోక ఉంటుంది. అది వేన్. వేన్ చెప్పిన దిక్కుకు మోటార్లు ఆ పెట్టె మొత్తాన్ని తిప్పుతాయి. వేన్ తప్పు చెప్పిందంటే అంత పెద్ద మరా దాని మాట నమ్మి గాలికి వారగా నిలబడిపోతుంది. కొత్త మరల్లో ఒకటికి రెండు వేన్లుంటాయి. మాది పాతది, దానికి ఒక్కటే.

కాబట్టి జరిగింది రెండిట్లో ఒకటి. రెక్కలు చెడిపోయైనా ఉండాలి, మర వారగా నిలబడైనా ఉండాలి. రెక్కలు చెడితే అది తయారు చేసినవాళ్ల తలనొప్పి. వారగా నిలబడితే మాత్రం సర్వీసులో వేన్ బిగించిన మనిషిదే తప్పు. ఆ వేన్‌ను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించింది అతనే.

నెల్లూరు నుంచి మా సారు దిగాడు. రిజిస్టరు తిరగేసి, బిగించినవాడి సంతకం చూసి, "విచారణ అయ్యేదాకా సైటుకు రావద్దని చెప్పండి" అన్నాడు. ఆ మాట నేనే వెళ్లి చెప్పాను. అతను హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"అన్నా, వేన్ కాడికి ఒక్కసారి మీరే ఎక్కి చూడండన్నా."

అంతకు పది రోజుల ముందు కూడా ఇదే మాట అన్నాడు. అప్పుడు "నా మోకాళ్ల సంగతి తెల్సి గూడా నన్ను ఎక్కమంటావేందిరా? నీ పని నువ్వు చూడు" అని కసిరాను. ఈసారి కసరలేదు గానీ పట్టించుకోనూ లేదు.

రెక్కల మీద ఊలు దారాలు అంటించి వీడియో తీద్దామన్నాడు సారు. గాలి కంటికి కనపడదు, దారం కనపడుతుంది. గాలి రెక్కను అంటిపెట్టుకుని పారితే దారం బుద్ధిగా పడుకుంటుంది. అది రెక్కను విడిచి సుడి తిరిగితే దారం లేచి గింజుకుంటుంది. ఎక్కడ లేస్తుందో చూస్తే జబ్బు రెక్కదో, నిలబడ్డ తీరుదో తేలిపోతుంది. ఆ వారంలోనే అయిపోవాలి, ఎందుకంటే బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని ఫోన్లలో వస్తోంది. అది దగ్గరికొస్తే మర ఎక్కడానికి వీల్లేదు.

ఆత్మకూరు ఫ్యాన్సీ షాపులో ముదురు ఎరుపు ఊలు ఉండలు నాలుగు కొన్నాను. "ఈ ఊళ్లో స్వెట్టరెవురికి సార్?" అని నవ్వింది షాపావిడ. నాకు నవ్వు రాలేదు. ఆ ఉండలు పట్టుకుని బస్సెక్కి సైటుకు పోవలసినవాణ్ణి, ఉదయగిరిలోనే దిగి అతని ఇంటికి పోయాను. ఎందుకు పోయానంటే చెప్పడానికి సిగ్గేం లేదు. రెక్కలదే తప్పని అతని నోటితో అనిపించుకుంటే నా మనసు కుదుటపడుతుందని.

వాళ్లమ్మ వసారాలో చెక్క పొట్టు మధ్య కూర్చుని గరిటె తల నునుపు చేస్తోంది. నన్ను చూసి "రాండి నాయనా" అని లేవబోయింది. కొడుకు ఇంట్లో ఎందుకు కూర్చున్నాడని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు.

అతను నా చేతిలోంచి ఊలు తీసుకుని జానెడు ముక్కలు నాలుగు తుంచాడు. వాళ్లమ్మ చెక్కిన పెద్ద గరిటె ఒకటి తెచ్చి, దాని వీపు మీద టేపుతో వాటిని వరసగా అంటించాడు. స్టాండు ఫ్యాను పెట్టి దాని ముందు గరిటె పట్టుకున్నాడు. దారాలు నాలుగూ గరిటెకు అతుక్కుని పడుకున్నాయి. మణికట్టు రవ్వంత పక్కకు తిప్పాడు. చివరి రెండు దారాలు లేచాయి. ఇంకాస్త తిప్పేసరికి నాలుగూ లేచి, వెనక్కి మళ్లి, పిచ్చిగా కొట్టుకున్నాయి.

"చూసినారా అన్నా. గరిటె అదే. పట్టుకోవడంలోనే ఉండాది."

"అంటే?"

"రెక్కలు మంచియే అన్నా. మొహమే పక్కకు తిరిగుండాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటా ఉండావేందిరా! మొహం పక్కకు తిరిగితే అది నీ నెత్తిన పడతాదని తెలీదా నీకు? వేన్ బిగించింది నువ్వే గదరా!"

"నేను సరింగానే బిగించినాన్నా."

"మరి ఎట్ట తిరిగింది?"

అతను ఫ్యాను ఆపాడు. గరిటె మీది దారాలు ఒక్కొక్కటే పీకి, టేపు మరక పడకుండా గోటితో గీకి, వాళ్లమ్మకు ఇచ్చేశాడు. "మీరొకసారి ఎక్కండన్నా" అన్నాడు మళ్లీ. ఆ మూడోసారి కూడా ఆ మాట వెనక ఏముందో నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

తాళ్ల మీద దిగి పనిచేసేవాళ్లు ఇద్దరొచ్చారు. ఒక రెక్కను నిలువుగా కిందికి ఆపించి, దాని వీపు మీద వరసలు వరసలుగా ఊలు అంటించారు. రెక్క మొదట్లో, దాంతో పాటే తిరిగేటట్టు, చిన్న కెమెరా బిగించారు. మర్నాడు గాలి బాగా వీచింది. మర తిప్పి గంటసేపు వీడియో తీశాం. తర్వాత సైటు రూములో సారు, నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నాం.

ఎనిమిదేళ్లుగా ఆ రెక్కల కిందే బతుకుతున్నాను గానీ వాటి మీద గాలి ఎట్లా పోతుందో చూడటం అదే మొదలు. రెక్క కిందికి వచ్చినప్పుడు దారాలన్నీ దువ్వినట్టు ఒకే వైపుకు పడుకున్నాయి. పైకి పోతుంటే రెక్క మొదలు దగ్గరున్నవి వణికాయి. శిఖరానికి చేరగానే సగం రెక్క మీది దారాలు లేచి, గిరగిరా తిరిగి, వచ్చిన వైపుకే మళ్లాయి. మళ్లీ కిందికి రాగానే ఏమీ ఎరగనట్టు పడుకున్నాయి. ప్రతి చుట్టుకూ అంతే. మాకు వినిపిస్తున్న దబ్బు అక్కడిదే.

"పైన గాలి ఎక్కువ గదా సార్, అందుకు లేస్తా ఉండాయేమో" అన్నాను. నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టుగా వినిపించింది. "పైకిపోతే రెక్క తట్టుకోలేకపోతా ఉండాదంటే రెక్కదే గదా లోపం."

సారు మంచివాడే, కాకపోతే పని తెలిసినవాడు. "తేల్చేద్దాం. యంత్రాన్ని మనమే తిప్పుదాం" అన్నాడు. వేన్ మాట వినకుండా చేసి, పక్క మర ఎటు చూస్తోందో అటు చూసేదాకా దీన్ని చేత్తో తిప్పించాడు. కొద్దిగానే, గోడ గడియారంలో రెండు నిమిషాల గీతలంత. మళ్లీ వీడియో తీసి చూశాం.

దారాలు పడుకున్నాయి. కిందా పడుకున్నాయి, పైనా పడుకున్నాయి. రెక్క మొదలు దగ్గర నాలుగైదు తప్ప ఒక్కటి లేస్తే ఒట్టు. బయట దబ్బుమనే చప్పుడు కూడా ఆగిపోయింది.

అంత అందంగా పడుకున్న దారాలను చూసి ఏడుపొచ్చిన మనిషి లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. గరిటెతో అతను చూపించిందే ఇక్కడ రెక్క మీద కనపడింది. రెక్కలు మంచివే. వేన్ తప్పు చెబుతోంది. వేన్ బిగించింది అతను.

"ఇంక అనుమానం లేదు" అంటూ సారు రిపోర్టు కాగితం నా ముందుకు జరిపాడు. "వేన్ అమరికలో టెక్నీషియన్ నిర్లక్ష్యం అని రాశాను. మీ సంతకం కావాలి."

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. వసారాలో ఆ తల్లి చేతిలోని గరిటె గుర్తొచ్చింది. "రేపు పొద్దున దాకా టైమివ్వండి సార్. వేన్‌ను నా కళ్లతో చూసి పెడతాను" అన్నాను. సారు నా మోకాళ్ల వంక చూశాడు. "రేపు మధ్యాహ్నం నుంచి గాలి పెరుగుతుందట. పదకొండు లోపల దిగిపోవాలి" అన్నాడు.

పొద్దున ఏడింటికి మర ఆపి నిచ్చెన పట్టుకున్నాను. ఒక్కో మెట్టుకూ మోకాలు కసుక్కుమంటోంది. సగంలో ఆగి, నడుముకున్న బెల్టుకు వేలాడి, నన్నూ నా సంసారాన్నీ తిట్టుకున్నాను. స్తంభం లోపల గాలి ఊళ పెడుతోంది. నాసెల్ చేరి, పైమూత తెరిచి తల బయట పెట్టేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక పక్క ఉదయగిరి దుర్గం గోడలు, ఇంకో పక్క తూర్పున మసకబారిన ఆకాశం. కొక్కెం తగిలించుకుని వేన్ దగ్గరికి పాక్కుంటూ పోయాను.

వేన్ తోకకు ఎర్రటి గుడ్డ కట్టి ఉంది.

పసుపు పూసిన రవికగుడ్డ పీలిక. వానకు నాని, ఎండకు ఎండి, అట్టలాగా గట్టిపడి ఉంది. తోకకు ఒకే పక్కన చెక్కముక్కలా నిలబడిపోయింది. గాలి దాన్ని తోసినప్పుడల్లా వేన్ రవ్వంత పక్కకు పోయి అక్కడే ఉంటోంది. ముడి లోపల నిమ్మకాయ ఒకటి, నల్లగా ముడుచుకుపోయి. ఆ ముడి నేను వేసిందే.

ఆయుధపూజ నాడు మోకాలికి మాత్ర వేసుకుని ఏడాదికొకసారి నేను కూడా పైకెక్కుతాను. కింద ప్యానెల్‌కు బొట్లు పెట్టి, సారు కొబ్బరికాయ కొట్టాక, గుడ్డ కట్టడానికి మేం నలుగురం పైకొచ్చాం. వేన్ ఈ మరకు కన్ను, దిష్టి తగిలితే ముందు దానికే తగులుతుంది, కాబట్టి దానికే కట్టాలని నా పట్టు. అతను మెల్లగా "పైన వద్దన్నా, కింద తలుపు గడియకు కడదాం" అన్నాడు. నేను అందరి ముందూ గొంతెత్తాను. "ఏందిరా, దేవుడి పనిక్కూడా అడ్డమొస్తావా? నీకేం తెలుస్తాది దీని సంగతి?"

ఇద్దరు నవ్వారు. అతను "సరేన్నా" అన్నాడు. నేను దణ్ణం పెట్టుకుని, రెండు ముళ్లు వేసి, దిగిపోయాను. దిగే లోపలే మరిచిపోయాను.

వేన్ మొదలు చూశాను. సర్వీసులో అతను గీసిన గీత, కింద పళ్లెం మీది గీత, రెండూ ఒక్క గీతలాగా కలిసి ఉన్నాయి. వాటి మీద అతను పూసిన రంగు ఎక్కడా చెక్కుచెదరలేదు. వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించాడు మహానుభావుడు.

నిజం చెప్పాలి. జేబులోంచి కత్తి తీశాను. ఒక్క కోత చాలు. గాలి ఆ గుడ్డను వరికుంటపాడు చేలల్లోకి మోసుకుపోతుంది, మర సరిగ్గా నిలబడుతుంది, నేను కిందికి దిగి సంతకం పెట్టేస్తాను. ఎవరికీ ఏమీ తెలియదు. కత్తి మొన గుడ్డకు తగిలించి అలా ఎంతసేపున్నానో నాకు తెలియదు. అప్పుడు తట్టింది, తెలిసినవాడు ఒకడున్నాడని. దసరా తర్వాత ఈ నిచ్చెన ఎన్నిసార్లు ఎక్కలేదు అతను! కత్తి జేబులో పెట్టి ఫోను తీశాను.

"ఈ గుడ్డ చూసినావా నువ్వు?"

గాలి హోరులో అతని గొంతు సన్నగా వచ్చింది.

"చూసినాన్నా."

"మరి పీకి పారెయ్యక ఎందుకు ఊరుకున్నావురా? ఉద్యోగం పోతా ఉంటే గూడా నోరు పెగలదా నీకు?"

"మీరు దణ్ణం పెట్టి కట్టింది గదన్నా. ఆ పొద్దు మీరన్న మాట అందరూ విన్న్యారు. నేను తీసుంటే ఏమనుకునేవోళ్లు? సార్‌తో చెప్తే మీ మీద చెప్పినట్టు అవతాది. అందుకే మిమ్మల్ని ఎక్కమన్న్యాను."

మూడుసార్లు ఎక్కమన్నాడు. ఆ పెట్టె మీద, అంత గాలిలో, నాకు సిగ్గుతో ఒళ్లంతా చెమట పట్టింది.

గుడ్డను, ముడిని, గీతలను ఫోటోలు తీసి సారుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గొంతు తగ్గించి "కోసేసి దిగండి. పూజలో నేనూ ఉన్నాను. ఇవన్నీ కాగితాల మీదికి ఎందుకు?" అన్నాడు.

"మరి రిపోర్టులో ఎవురి పేరుంటాది సార్?"

జవాబు కోసం ఆగలేదు నేను. "ఆ వాక్యం కొట్టేసి నా పేరు రాయండి. దాని కింద సంతకం పెడతాను. దానికి తప్ప దేనికీ పెట్టను" అన్నాను. నా జన్మలో అరవకుండా గెలిచిన మాట అదొక్కటే.

తర్వాత అతనికి మళ్లీ ఫోను చేసి రమ్మన్నాను. సైటుకు రాకూడదన్న నిబంధన ఆ రోజు నేనే దాటించాను. దాన్ని కూడా రిపోర్టులో రాశాను. తాళ్ల మీద పనిచేసేవాళ్లలో ఒకతను కింద నుంచి వాకీటాకీలో "ఆ గుడ్డ మేం గూడా చూసినాం సార్. పూజది గదా అని ముట్టుకోలా" అన్నాడు.

పదిన్నరకు అతని తల పైమూతలోంచి కనపడింది. గాలి అప్పటికే పెరిగింది, నాసెల్ కాళ్ల కింద ఊగుతోంది. నేను కత్తి అందించాను. తీసుకోలేదు.

"కొయ్యడం బాగుండదన్నా" అని వేన్ ముందు కూర్చుని వేళ్లతో ముడి విప్పడం మొదలెట్టాడు. గట్టిపడ్డ ముడి, రెండు పేటలు. గోరు విరిగింది. "తొందరగా కానీరా, గాలి చూడు" అని నేను గోల పెడుతున్నాను. అతను తలెత్తకుండా ఒక పేట, తర్వాత ఇంకో పేట విప్పి, నిమ్మకాయ జారకుండా గుడ్డలోనే చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. వేన్ ఒక్కసారి ఊగి, గాలికి తిన్నగా నిలబడింది.

దిగేటప్పుడు అతను నాకంటే కింద ఉండి, ఒక్కో మెట్టు మీదా నా కాలు సరిగ్గా పడిందో లేదో చూస్తూ దిగాడు. నేల మీద నిలబడ్డాక చొక్కాలోంచి గుడ్డ తీసి, స్తంభం తలుపు గడియకు కట్టడానికి ఒంగాడు. దసరా నాడు అతను చెప్పిన చోటు అదే.

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. పైనుంచి కిందిదాకా ప్రతి మెట్టు మీదా ఆ మాటలు కూడబలుక్కుంటూనే దిగాను. నా పాడు నోటికి వచ్చింది మాత్రం వేరు.

"గట్టిగా కట్టరా. తుపానుకు ఊడిపోద్ది."

"ఊడదులేన్నా" అని, ఇంకో ముడి వేశాడు.